ఫొటోలో గంగిరెద్దు తల ఊపాలంటే: పప్పెట్ పిన్నులు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు

బొమ్మల్ని కదిలించే అడోబ్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో, ఫొటోని పిన్నులతో పట్టి వంచే పప్పెట్ టూల్ ఎక్కడుందో చాలామందికి తెలుసు. ఫొటో మీద నాలుగు పిన్నులు గుచ్చడం, ఒకదాన్ని పట్టుకుని లాగడం, బొమ్మంతా రబ్బరులా సాగిపోతే విసుగొచ్చి వదిలేయడం, ఇక్కడిదాకా అందరూ వస్తారు. బెంగళూరులో పీజీల్లో ఉంటూ, పగలు ఉద్యోగం చేసుకుని రాత్రుళ్ళు మోషన్ గ్రాఫిక్స్ నేర్చుకునే మన తెలుగు పిల్లలు కొందరు నాకు ఫైళ్ళు పంపి ఎక్కడ తేడా కొట్టిందో చూడమంటారు. చూస్తే ఎక్కువసార్లు కారణం ఒకటే: కదలాల్సినదాని గురించి బాగా ఆలోచించి ఉంటారు, కదలకూడనిదాన్ని గాలికి వదిలేసి ఉంటారు. ఈ టూల్‌తో పనంతా అక్కడే ఉంది. ఏది కదలకూడదో ముందు తేల్చుకుని దాన్ని గట్టిగా బిగించేస్తే, కదలాల్సింది సగం దానంతటదే దారికొస్తుంది.

ఉదాహరణకి గంగిరెద్దు ఫొటో తీసుకుందాం. సంక్రాంతికి బెంగళూరులో కూడా అపార్ట్‌మెంట్ గేట్ల ముందుకి వస్తాయి, ఇక్కడివాళ్ళు కోలె బసవ అంటారు. వీపు మీద రంగు బట్టలు, కొమ్ములకి కుచ్చులు, మెడలో గంట, కదిలించడానికి ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు, ఎందుకంటే గట్టివీ మెత్తవీ రెండూ దీంట్లో ఉన్నాయి. మనం చేయబోయేది ఆరు సెకన్ల లూప్. ఎద్దు రెండుసార్లు తల ఊపుతుంది, చెవి విదిలిస్తుంది, గంగడోలు ఊగుతుంది, తోక అటూ ఇటూ ఆడుతుంది, అంతే. పండగ గ్రీటింగుకైనా పెళ్ళి ఇన్విటేషన్ వీడియోలో ఓ మూలకైనా అది చాలు.

అసలు లోపల ఏం జరుగుతోంది

మీరు మొదటి పిన్ను గుచ్చగానే సాఫ్ట్‌వేర్ బొమ్మ అంచు వెంట గీత గీసుకుని, ఆ గీత లోపల అంతా చిన్న చిన్న త్రిభుజాలతో నింపేస్తుంది. దీన్నే మెష్ అంటారు. పిన్ను జరిపినప్పుడు ఆ త్రిభుజాలు జరుగుతాయి, కానీ ప్రతి త్రిభుజం తన ఆకారం వీలైనంత చెడకుండా చూసుకుంటుంది. ఇగరాషి, మోస్కోవిచ్, హ్యూస్ అనే ముగ్గురు పరిశోధకులు 2005లో కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సు సిగ్‌గ్రాఫ్‌కి సమర్పించిన పేపర్‌లో ఉన్నది ఈ ఆలోచనే. 2007లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్ సీఎస్3తో పప్పెట్ టూల్ వచ్చింది.

దీనివల్ల మీకు తెలియాల్సింది ఒకటుంది. పిన్ను లేని భాగం అక్కడే నిలబడి ఉండదు, దగ్గర్లో ఉన్న పిన్ను ఎటు పోతే అటు గట్టిగా, ముక్కకు ముక్కగా పోతుంది. ఒకే పిన్ను పెట్టి లాగితే బొమ్మంతా జరుగుతుంది, వంగదు. రెండు పెట్టి ఒకదాన్ని లాగితే బొమ్మంతా తిరుగుతుంది. మూడో నాలుగో పెడితేగానీ వంగడం అనేది మొదలవదు. అంటే పిన్ను అనేది లాగే చెయ్యి మాత్రమే కాదు, పట్టి ఉంచే మేకు కూడా. గంగిరెద్దు తల ఊపాలంటే తల మీద ఒక పిన్ను చాలు, దాన్ని నిలబెట్టి ఉంచడానికి మాత్రం ఒంటి మీద ఏడెనిమిది కావాలి.

ఫొటో, కటింగ్

పక్కనుంచి తీసిన ఫొటో కావాలి. ఎద్దు మీ వైపు చూస్తుంటే తల కిందికి దించడం ఈ టూల్‌తో కుదరదు, ఎందుకంటే ఇది బొమ్మని కాగితంలా వంచుతుందే తప్ప లోతు తెలియదు దీనికి. నాలుగు కాళ్ళూ విడివిడిగా కనిపిస్తే మంచిది, తోక ఒంటికి అతుక్కోకుండా కాస్త దూరంగా ఉంటే ఇంకా మంచిది. ఫొటో తీసేముందు ఎద్దుని ఆడించే ఆయన్ని ఒక మాట అడగండి, చేతిలో ఎంతో కొంత పెట్టండి. ఆయన నిలబెడితే ఎద్దు కుదురుగా నిలబడుతుంది, మీకు నాలుగైదు మంచి ఫొటోలు వస్తాయి.

ఫొటోషాప్‌లో డాక్యుమెంట్‌ని 2160 బై 3840 సైజులో తీసుకోండి. చివరికి మనకి కావాల్సింది ఫోన్‌కి సరిపోయే 1080 బై 1920, కానీ రెట్టింపు సైజులో పనిచేస్తే వంగినచోట మసకబారదు, మధ్యలో జూమ్ చేయాలనిపించినా ఇబ్బంది ఉండదు. ఎద్దుని బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరు చేసి మాస్క్ పెట్టండి. కాళ్ళ మధ్య ఖాళీలు, కొమ్ముల మధ్య ఖాళీ, కడుపు కింద ఖాళీ, ఇవన్నీ శుభ్రంగా తీసేయాలి. అక్కడ ఒక్క ముక్క మిగిలినా మెష్ రెండు కాళ్ళనీ కలిపి ఒకే పలకలా చూస్తుంది, ఇక ఒక కాలు కదిపితే రెండోది కూడా వస్తుంది.

ఇప్పుడు ఏ ముక్కని విడదీయాలి, దేన్ని ఒంటితోనే ఉంచాలి? నేను పెట్టుకున్న పద్ధతి ఇది. చర్మంలా కలిసిపోయి వంగేదాన్ని ఒంటితోనే ఉంచుతాను, దానికి పిన్నులు. వేలాడేదాన్ని, కీలు ఉన్నదాన్ని, ఇంకో భాగం మీదుగా పోయేదాన్ని విడదీస్తాను. ఈ లెక్కన మెడ, తల, చెవులు, గంగడోలు ఒంటితోనే ఉంటాయి. తోక, మెడలోని గంట విడి లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన విడి పొరలు. తోక తీసేస్తే వెనక తొడ మీద గుంట పడుతుంది కదా, దాన్ని కంటెంట్ అవేర్ ఫిల్‌తోనో క్లోన్ స్టాంప్‌తోనో పూడ్చండి. ఈ పూడ్చే పని బద్ధకించకుండా చేయండి, తోక పక్కకి జరిగిన మరుక్షణం అక్కడికే చూపు పోతుంది. గంట తీసినచోట కూడా అంతే.

లేయర్లకి పేర్లు పెట్టండి. ఒళ్ళు, తోక, గంట, బ్యాక్‌గ్రౌండ్. తర్వాత మీకే సుఖం.

ఇంపోర్ట్ చేసేటప్పుడు ఒక చిన్న ఎంపిక

ఫొటోషాప్‌లో దాచిన పీఎస్‌డీ ఫైల్‌ని ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోకి ఇంపోర్ట్ చేస్తుంటే మూడు రకాలు చూపిస్తుంది: ఫుటేజ్, కాంపోజిషన్, కాంపోజిషన్ విత్ రిటెయిన్ లేయర్ సైజెస్. కాంపోజిషన్ (పొట్టిగా కాంప్) అంటే లేయర్లన్నీ పేర్చి కదిలించే చోటు. ఇక్కడ మామూలు కాంపోజిషన్ ఎంచుకోండి. అప్పుడు ప్రతి లేయరూ డాక్యుమెంట్ అంత సైజులో వస్తుంది. దీంతో పెద్ద ఉపయోగం ఉంది, పిన్ను పొజిషన్ అంకెలు, కాంప్‌లోని పొజిషన్ అంకెలు ఒకటే అవుతాయి, గంటని మెడకి కట్టేటప్పుడు అది అక్కరకొస్తుంది. ఫ్రేమ్ రేట్ 25, నిడివి 6 సెకన్లు, అంటే 150 ఫ్రేములు.

ఇల్లస్ట్రేటర్ బొమ్మతో చేసేవాళ్ళకి ఒక మాట. లేయర్ పక్కన సూర్యుడి గుర్తు (బొమ్మని ఎంత పెంచినా మసకబారకుండా చూసే స్విచ్) ఆన్ చేసి పప్పెట్ వాడితే, స్కేలూ రొటేషనూ మారినప్పుడు పిన్నులూ బొమ్మా ఒకదానికొకటి తప్పిపోతాయి. ప్రీకంపోజ్ చేసి, అంటే ఆ లేయర్‌ని ఇంకో కాంప్ లోపల పెట్టి, దాని మీద పప్పెట్ పెట్టుకోండి.

చిన్న కదలిక లోపల, పెద్ద కదలిక బయట

ఇది చాలా ట్యుటోరియల్స్‌లో చెప్పరు, నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, అందుకే దీని దగ్గర కాసేపు ఆగుదాం.

మీరు చెవి కొస మీద ఒక పిన్ను, తల మీద ఒక పిన్ను పెట్టారనుకోండి. తల దించారు. చెవి కొస మాత్రం పాత చోటే ఉండిపోతుంది, చెవి చూయింగ్ గమ్‌లా సాగుతుంది. ఎందుకంటే పిన్నులకి ఒకదాని కింద ఒకటి అనే సంబంధం ఏమీ లేదు. ప్రతి పిన్నుకీ తన పొజిషన్ తనదే, పక్క పిన్ను ఎటు పోయిందో దానికి పట్టదు. కాబట్టి తలతో పాటు చెవి పిన్నునీ, గంగడోలు పిన్నునీ చేత్తో జరుపుతూ కూర్చోవాలి, రెండు ఊపులకే చుక్కలు కనిపిస్తాయి.

దానికి మందు, రెండు అంతస్తులుగా చేయడం. ఒళ్ళు లేయర్‌ని ప్రీకంపోజ్ చేయండి. లోపలి కాంప్‌లో చెవి, గంగడోలు, కడుపు ఊపిరి, ఈ మూడే కదపండి, తల అసలు ముట్టుకోవద్దు. బయటి కాంప్‌లో ఆ ప్రీకాంప్ మీద ఇంకో పప్పెట్ పెట్టి తల మాత్రమే ఊపండి. అప్పుడు లోపల విదిలించే చెవి, బయట తల ఎటు పోతే అటు దాంతోపాటే వెళ్తుంది.

లోపలి కాంప్‌తో మొదలుపెట్టండి. ప్లేహెడ్‌ని (టైమ్‌లైన్‌లో ఏ ఫ్రేమ్ మీద ఉన్నామో చూపే గీతని) సున్నా ఫ్రేమ్ దగ్గర పెట్టండి, పిన్ను గుచ్చేముందు ప్రతిసారీ ఇది చూసుకోండి, ఎందుకంటే పిన్ను గుచ్చగానే ప్లేహెడ్ ఉన్నచోట కీఫ్రేమ్, అంటే ఆ ఫ్రేమ్‌లో పిన్ను ఎక్కడుందో చెప్పే గుర్తు, దానంతటదే పడిపోతుంది. అప్పటికే బొమ్మ వంగి ఉన్న ఫ్రేమ్‌లో కొత్త పిన్ను గుచ్చారంటే, ఆ వంగిన చోటే దాని అసలు చోటు అనుకుంటుంది, వెనక్కి వెళ్ళి చూస్తే మొదటి ఫ్రేమ్ చెడిపోయి ఉంటుంది.

కంట్రోల్ పీ నొక్కితే టూల్ వస్తుంది, మ్యాక్‌లో కమాండ్ పీ. మొదట మేకులు: నాలుగు గిట్టలకి నాలుగు, తుంటి మీద ఒకటి, మూపురం మీద ఒకటి, జబ్బ దగ్గర ఒకటి, నుదుటి మీద ఒకటి, మూతి దగ్గర ఒకటి. ఇవన్నీ లోపలి కాంప్‌లో కదలవు. పైన టూల్ బార్‌లో మెష్ షో టిక్ పెట్టి చూడండి. చెవుల చుట్టూ, తోక మొదలు దగ్గర అంచు తెగిపోతుంటే ఎక్స్‌పాన్షన్, అంటే మెష్ బొమ్మ అంచు దాటి ఎంత దూరం పోవాలో, పెంచాలి. మామూలుగా 3 పిక్సెళ్ళు ఉంటుంది, వెంట్రుకలున్న అంచులకి 10 దాకా పోవచ్చు. మరీ పెంచితే కాళ్ళ మధ్య ఖాళీ మూసుకుపోతుంది, అది కూడా మెష్‌లోనే కనిపిస్తుంది, చూసుకుంటూ పెంచండి. డెన్సిటీ, అంటే త్రిభుజాలు ఎంత ఒత్తుగా ఉండాలో, కొంచెం పెంచితే వంపులు నునుపుగా వస్తాయి, ఎక్కువ పెంచితే కంప్యూటర్ మొరాయిస్తుంది. ఈ రెండూ కీఫ్రేములు పెట్టకముందే తేల్చేసుకోండి.

ఇప్పుడు కదిలే పిన్నులు. చెవి మొదట్లో ఒకటి, కొసన ఒకటి. మొదటిది కదలదు, కొస మాత్రం 40వ ఫ్రేమ్ దగ్గర ఓ 30 పిక్సెళ్ళు వెనక్కి పోయి, మూడు ఫ్రేముల్లో తిరిగొచ్చేయాలి. ఈగ వాలితే ఎద్దు చెవి ఎలా విదిలిస్తుందో చూసి ఉంటారుగా, అది మెల్లగా ఉండదు. 110 దగ్గర ఇంకోసారి, అప్పుడు రెండుసార్లు వెంటవెంటనే. కడుపు కింది అంచు మధ్యలో ఒక పిన్ను, అది 5 పిక్సెళ్ళు కిందికి, మళ్ళీ పైకి, 50 ఫ్రేములకి ఒక ఊపిరి. అంతకు మించి కదిపితే ఎద్దు ఆయాసపడుతున్నట్టు ఉంటుంది.

గంగడోలు. మెడ కింద వేలాడే ఆ చర్మం ఉంది చూశారూ, చూసేవాళ్ళు దాని మీద దృష్టి పెట్టరు, కానీ అది ఊగకపోతే మాత్రం ఎద్దు చెక్కబొమ్మలా ఉందంటారు. దాని కింది అంచు మీద మూడు పిన్నులు పెట్టండి, పై అంచు మీద, మెడతో కలిసేచోట, రెండు మేకులు. తల కదలికంతా అయ్యాక వచ్చి దీని కీఫ్రేములు పెడదాం, ఇప్పుడు పిన్నులు మాత్రం గుచ్చి వదిలేయండి.

తల ఊపడం

బయటి కాంప్‌కి రండి. గిట్టలు, తుంటి, మూపురం, జబ్బ, ఇక్కడ కూడా మేకులు మళ్ళీ కొట్టాలి. తర్వాత టూల్‌ని అడ్వాన్స్‌డ్ పిన్‌కి మార్చుకోండి. మామూలు పొజిషన్ పిన్ను జరుగుతుంది, అంతే. అడ్వాన్స్‌డ్ పిన్ను జరుగుతుంది, తిరుగుతుంది, పెరుగుతుంది కూడా. 2019లో వచ్చింది ఇది. అంతకుముందు వెర్షన్ ఉన్నవాళ్ళు తల మీద రెండు పొజిషన్ పిన్నులు పక్కపక్కనే పెట్టుకుని ఒకదాని చుట్టూ ఇంకోదాన్ని జరిపితే దాదాపు అదే పని అవుతుంది.

ఈ అడ్వాన్స్‌డ్ పిన్ను చెవుల వెనక, తల మెడతో కలిసేచోట పెట్టండి. నిజమైన ఎద్దు తల అక్కడినుంచే తిరుగుతుంది. మూతి మీద బయటి కాంప్‌లో పిన్ను పెట్టకండి. పెట్టాలని చాలా అనిపిస్తుంది, ఎందుకంటే ఎక్కువ కదిలేది మూతే కదా. కానీ పిన్ను లేకపోతే తల మొత్తం, కొమ్ములతో సహా, గట్టి ముక్కలా ఆ ఒక్క పిన్నుతో తిరుగుతుంది, మనకి కావాల్సింది సరిగ్గా అదే. మూతి మీద పిన్ను పెడితే రెండూ కొట్లాడుకుంటాయి, ముఖం సాగుతుంది. ఇంకా కొమ్ము మొదట్లో వంపు కనిపిస్తుంటే అక్కడ ఒక స్టార్చ్ పిన్ను గుచ్చండి, ఎర్రగా ఉంటుంది, అది ఆ చుట్టుపక్కల బట్టకి గంజి పెట్టినట్టు బిర్రుగా చేస్తుంది. ఎంత గట్టిగా అన్నది అమౌంట్, ఎంత దూరం అన్నది ఎక్స్‌టెంట్. కొమ్ము మొదలు దాటి పోకుండా ఎక్స్‌టెంట్ తక్కువగానే ఉంచండి.

కీఫ్రేములు ఇలా పెట్టి చూడండి. ఎద్దు కుడివైపు చూస్తోందనుకుందాం. సున్నాలో రొటేషన్ 0. ఏడో ఫ్రేమ్‌లో 8 డిగ్రీలు, దాంతోపాటు పిన్ను పొజిషన్ ఓ 25 పిక్సెళ్ళు కిందికి. పదో ఫ్రేమ్ దాకా అక్కడే. 24లో మైనస్ 2 డిగ్రీలు, పొజిషన్ మొదటి చోటికి. 30లో మళ్ళీ సున్నా. ఎడమవైపు చూసే ఎద్దైతే ప్లస్సులు మైనస్‌లు తారుమారు చేసుకోండి. రెండో ఊపు 48 నుంచి, ఈసారి 6 డిగ్రీలే, లేకపోతే కాపీ కొట్టినట్టు తెలిసిపోతుంది. తర్వాత ఎద్దు ఊరికే నిలబడుతుంది, ఆ నిలబడ్డ సమయంలోనే చెవి విదిలింపు, తోక బాగా కనిపిస్తాయి.

ఏడు ఫ్రేముల్లో దిగి, పద్నాలుగు ఫ్రేముల్లో లేస్తోంది, గమనించారా. బరువున్న తల కిందికి పడేటప్పుడు త్వరగా పడుతుంది, లేచేటప్పుడు మెడ కండ కష్టపడాలి. మైనస్ 2 దాకా పోయి సున్నాకి రావడం కూడా ఆ బరువు కోసమే. కీఫ్రేములన్నీ ఎంచుకుని ఎఫ్9 నొక్కితే ఈజీ ఈజ్ పడుతుంది, అంటే కదలిక మెల్లగా మొదలై మెల్లగా ఆగుతుంది, కానీ అక్కడితో ఆపకండి, ఈజీ ఈజ్ ఒక్కటే పెడితే పడడం, లేవడం రెండూ ఒకే తీరుగా ఉంటాయి. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, దిగే భాగంలో వేగం చివర్లో ఎక్కువయ్యేలా గీతని లాగండి.

తల ఊపు నచ్చాక లోపలి కాంప్‌కి వెళ్ళి గంగడోలు పని పట్టండి. తల ఏడో ఫ్రేమ్‌లో ఆగింది కదా, గంగడోలు కింది అంచు 11 దగ్గర ముందుకి పోయి ఆగాలి, 17లో వెనక్కి, 22లో ముందుకి కొంచెం, 26లో అసలు చోటికి. దూరాలు 30, 18, 8 పిక్సెళ్ళు, అలా తగ్గుతూ రావాలి. మూడు పిన్నుల్లో మధ్యది ఎక్కువ, పక్కవి సగం. ముందు పిన్ను కంటే వెనక పిన్ను ఇంకో ఫ్రేమ్ ఆలస్యం. ఇది చేసి ప్లే కొట్టి చూడండి, ఒక్కసారిగా ఎద్దుకి బరువు వచ్చినట్టు ఉంటుంది. నాకైతే ఈ పని మొత్తంలో ఇష్టమైన క్షణం ఇదే.

తల దించినప్పుడు మూతి ముందు కాలి మీదుగా వస్తే, ఏది ముందు ఏది వెనక అన్నది మెష్‌కి తెలియదు, ముక్కలు ముక్కలుగా కలిసిపోతాయి. ఓవర్‌లాప్ పిన్ను, నీలం రంగుది, మూతి మీద పెట్టి ఇన్ ఫ్రంట్ విలువ పెంచండి. ఓవర్‌లాప్, స్టార్చ్ పిన్నులు రెండూ వంగిన బొమ్మ మీద కాదు, వంగకముందున్న అసలు బొమ్మ మీద పెట్టాలి. టూల్ ఎంచుకోగానే ఆ అసలు బొమ్మ అంచు గీత బూడిద రంగులో కనిపిస్తుంది.

తోక, గంట

తోక లేయర్ మీద మొదలు దగ్గర దగ్గరదగ్గరగా రెండు పిన్నులు, మధ్యలో ఒకటి, కుచ్చు దగ్గర ఒకటి. మొదట్లో రెండు ఎందుకంటే, ఒకటే పెడితే తోక ఆ చోట గడియారం ముల్లులా తిరుగుతుంది, రెండు పెడితే అక్కడ దిశ కూడా బిగుసుకుని, అక్కడినుంచి వంగుతుంది. తోకకి కీఫ్రేములు చేత్తో పెట్టక్కర్లేదు. కంట్రోల్ నొక్కి పట్టుకుని కుచ్చు పిన్నుని మౌస్‌తో ఆడించండి, మీరు ఆడించినంతసేపూ రికార్డ్ అవుతుంది, వదిలేస్తే ఆగిపోతుంది. రికార్డ్ ఆప్షన్స్‌లో స్పీడ్‌ని 100 కంటే పెంచితే, మీరు ఆడించినదానికంటే ప్లే అయ్యేటప్పుడు మెల్లగా ఉంటుంది. స్మూతింగ్ కొంచెం పెంచితే చేతి వణుకు పోతుంది. తర్వాత మధ్య పిన్నుని కుచ్చు కంటే రెండు మూడు ఫ్రేములు ముందుగా, సగం దూరం కదపండి, ఎందుకంటే తోకలో కదలిక మొదటినుంచి కొసకి పాకుతుంది.

గంట లోహం, వంగకూడదు, దానికి పప్పెట్ వద్దు. వై నొక్కి యాంకర్ పాయింట్‌ని, అంటే లేయర్ ఏ చుక్క చుట్టూ తిరుగుతుందో దాన్ని, గంట తాడు పైకొసకి తెచ్చుకోండి. బయటి కాంప్‌లో ఒళ్ళు మీద మెడ కింద, తాడు తగిలేచోట ఒక పొజిషన్ పిన్ను పెట్టి, తల ఊపుతో పాటు ఓ ఆరేడు పిక్సెళ్ళు జరిగేలా చేయండి. ఇప్పుడు గంట పొజిషన్ స్టాప్‌వాచ్ మీద ఆల్ట్ పట్టుకుని క్లిక్ చేసి, పిక్ విప్‌ని (ఒక విలువని ఇంకోదానికి కట్టే గుర్తుని) లాక్కెళ్ళి ఆ పిన్ను పొజిషన్ మీద వదిలేయండి. లేయర్లన్నీ ఒకే సైజు కాబట్టి గంట సరిగ్గా మెడకే అతుక్కుంటుంది. ఒళ్ళు లేయర్‌ని మాత్రం జరపకండి, స్కేల్ మార్చకండి, అవి చేయాలంటే అన్నిటినీ కలిపిన పై కాంప్‌లో చేసుకోండి. ఇక గంటకి రొటేషన్ ఇచ్చి ఊపుకోవడమే, గంగడోలు కంటే ఇంకొంచెం ఆలస్యంగా.

పప్పెట్ వాడకూడని చోట్లు

బెంగళూరులో మనవాళ్ళ ఇళ్ళలో గోడకి తోలుబొమ్మ ఉండడం మామూలే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో చేసినవి చాలా ఇళ్ళకి చేరాయి, ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆ బొమ్మని ఫొటో తీసి పప్పెట్ పిన్నులతో కదిలిద్దామని చాలామందికి అనిపిస్తుంది, పేరులోనే పప్పెట్ ఉంది కదా అని. దయచేసి వద్దు. తోలుబొమ్మ చెయ్యి వంగదు. భుజం దగ్గర, మోచేతి దగ్గర విడి ముక్కలుగా కోసి దారంతో ముడేసి ఉంటుంది, ముక్క గట్టిగానే ఉంటుంది, ముడి దగ్గర తిరుగుతుంది. పిన్నులతో వంచితే మోచెయ్యి పాములా మెలికలు తిరిగి, అంత శ్రద్ధగా చేసిన రంధ్రాల పని సాగిపోతుంది. ముడి ఉన్నచోటల్లా కోసి, ముడి మీద యాంకర్ పాయింట్ పెట్టి, ముంజేతిని మోచేతి పై భాగానికి, దాన్ని ఒంటికి పేరెంట్ చేసి (ఒకటి కదిలితే రెండోది వెంట వచ్చేలా కట్టి), రొటేషన్‌తో ఆడించండి. నిజమైన ఆటలో ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. పప్పెట్ కావాలంటే నడుం దగ్గరి గుడ్డకో, వేలాడే జడకో పెట్టుకోండి.

పెళ్ళి వీడియోలు చేసేవాళ్ళకి ఇంకో సంగతి. పోయిన తాతగారి ఫొటో ఇచ్చి, ఆయన నవ్వుతూ ఆశీర్వదిస్తున్నట్టు చేయమని అడుగుతారు. పెదాల మీద పిన్నులు పెట్టి లాగితే మీకు తెలియకపోయినా ఆ ఇంట్లోవాళ్ళకి తెలుస్తుంది అది ఆయన నవ్వు కాదని. నేను ముఖం ముట్టుకోను. భుజం మీది కండువా అంచుని గాలికి ఆడినట్టు చేస్తాను, ఫొటోకి వేసిన దండలో కింది పూలు కొంచెం ఊగేలా చేస్తాను. దానికి పిన్ను పొజిషన్ మీద విగిల్ ఎక్స్‌ప్రెషన్ (విలువని దానంతటదే అటూ ఇటూ ఊపే చిన్న కోడ్) పెట్టి, బ్రాకెట్లలో 0.5 కామా 6 ఇస్తే చాలు, సెకనుకి అరసారి, 6 పిక్సెళ్ళ దాకా. ఇళ్ళలో దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఉన్నారు.

నీడ, లూప్, ఎక్స్‌పోర్ట్

ఎద్దు తల ఊపుతుంటే కింద నీడ కదలకపోతే అతికించినట్టు ఉంటుంది. ఒళ్ళు, తోక, గంట మూడింటినీ ఒక ప్రీకాంప్ చేసి, దాన్ని డూప్లికేట్ చేసి, కింది దానికి ఫిల్ ఎఫెక్ట్‌తో నలుపు ఇచ్చి, నేల మీదకి పడుకునేలా స్కేల్ తగ్గించి, బ్లర్ ఇచ్చి, ఒపాసిటీ 35 దగ్గర ఉంచండి. రెండూ ఒకే ప్రీకాంప్ కాబట్టి లోపల ఏది మార్చినా నీడ దానంతటదే మారుతుంది.

లూప్ అతుకు కనపడకూడదంటే, మొదటి కీఫ్రేమ్‌ని కాపీ చేసి 150వ ఫ్రేమ్‌లో పెట్టండి, 149లో కాదు. కాంప్ 149తో అయిపోతుంది, 150 అంటే మళ్ళీ సున్నానే, అలా పెడితే ఒకే ఫ్రేమ్ రెండుసార్లు రాదు. రికార్డ్ చేసిన తోకకి కూడా చివరి పది ఫ్రేములు చెరిపేసి 150లో మొదటి పొజిషన్ పెట్టుకోండి.

అన్నీ కలిపి 1080 బై 1920 కాంప్‌లో 50 శాతం స్కేల్‌తో వేసి, మీడియా ఎన్‌కోడర్‌లో హెచ్.264గా తీయండి, బిట్ రేట్ 10 ఎంబీపీఎస్ చాలు. వాట్సాప్ ఎలాగూ మళ్ళీ కుదిస్తుంది. పంపేముందు ఫోన్‌లో వేసుకుని చెయ్యి చాచినంత దూరంలో చూడండి. 8 డిగ్రీల ఊపు చిన్న తెర మీద ఆనకపోతే 11 దాకా పెంచవచ్చు. పెంచితే మెడ మడత దగ్గర చర్మం నలిగినట్టు కనిపిస్తుంది, అప్పుడు జబ్బకీ చెవికీ మధ్యలో ఇంకో పొజిషన్ పిన్ను పెట్టి, తల దిగినదాంట్లో మూడోవంతు కిందికి దాన్ని కూడా దించండి.